గుర్రాల నుంచి మనుషులకు సోకే జబ్బులు



పశువుల జబ్బులనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు. వీటిని గురించి రేడియోలో చాలాసార్లు విన్నారు. గుర్రాన్ని గురించి, గాడిదను గురించి మాట్లాడేవారు తక్కువ. గుర్రమంటే గొప్పవారి జంతువనీ, గాడిదంటే ఎవరికీ పట్టని జంతువనీ ఒక అభిప్రాయం వుండిపోయింది. అది సరికాదు. విశాఖ మన్యంలో బండిదారి లేని కొండల మీదనుంచి సంతకు సరుకు దింపేది పొట్టి గుర్రమే. బట్టీల దగ్గర ఇటుక, వాగుల దగ్గర ఇసుక మోసేది గాడిద. పట్నాల్లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను సాకి పొట్ట పోసుకునే కుటుంబాలున్నాయి. ఈమధ్య పాలకోసం గాడిదలను పెంచేవారు కూడా బయలుదేరారు. వీరంతా బీదసాదలు. ఆ ఒక్క జంతువే వారి పొలం, అదే వారి బ్యాంకి.

అందుచేత ఈనాడు గుర్రం నుంచి, గాడిద నుంచి మనిషికి అంటుకునే జబ్బులను గురించి, ముఖ్యంగా వాటన్నిటిలోకి ప్రమాదకరమైన గ్లాండర్స్ అనే వ్యాధిని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ముందుగా నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మన్యంలో ఒక వారపు సంతకు వెళ్లాను. ఒకాయన గుర్రం మీదనుంచి పసుపు బస్తాలు దించుతున్నాడు. గుర్రం ముక్కునుంచి చిక్కగా చీమిడి కారుతున్నది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఎంతో ప్రేమగా దాని ముక్కు తుడిచాడు. తరువాత అదే తువ్వాలుతో తన మొహానికి పట్టిన చెమట తుడుచుకున్నాడు. పక్కనే ఆయన చిన్నకొడుకు గుర్రానికి పెట్టిన బకెట్టులోనే చేతులు కడుక్కుంటున్నాడు.

నేను దగ్గరకు వెళ్లి, "ఎన్నాళ్లనుంచి ఇట్లా వున్నది?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. పశువుల డాక్టరునని చెప్పి, రక్తం తీసి పరీక్షకు పంపుదామన్నాను. అప్పుడు మెల్లగా అసలు మాట బయటపెట్టాడు: "రక్తం తీస్తే గుర్రాన్ని చంపేస్తారంట గదా బాబూ! ఇది పోతే మేం బతికేదెట్లా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఈ వ్యాధిని గురించి ఎంత చెప్పినా ప్రయోజనం లేదు. ఆ జవాబు చివర చెబుతాను. ముందు వ్యాధి సంగతి తెలుసుకుందాం.

గ్లాండర్స్ అనేది ఒక సూక్ష్మక్రిమి వల్ల వచ్చే వ్యాధి. ఆ క్రిమిని 1882లో జర్మనీలో లోఫ్లర్, షుట్జ్ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి గుర్తించారు. ఇది గుర్రాలకు, గాడిదలకు, కంచరగాడిదలకు వచ్చే జబ్బు. మోటారు బండ్లు రాక పూర్వం, సైన్యాలన్నీ గుర్రాల మీద నడిచే కాలంలో, దీనివల్ల లెక్కలేనన్ని గుర్రాలు చచ్చిపోయేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల గుర్రాలకు ఈ క్రిమిని కావాలని అంటించే ప్రయత్నాలు కూడా జరిగాయి. మన దేశంలో 1899లోనే దీనికోసం ఒక ప్రత్యేక చట్టం చేశారు. ఆ తరువాత పశువుల అంటువ్యాధులన్నిటికీ కలిపి 2009లో చేసిన చట్టం దాని స్థానంలో వచ్చింది.

ఇది పాతకాలపు జబ్బు, ఇప్పుడెక్కడున్నదని అనుకోవద్దు. 2006లో మహారాష్ట్రలో మళ్లీ బయటపడింది. తరువాత ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ మొదలైన రాష్ట్రాల్లోనూ కనిపించింది. సంతల్లో, జాతరల్లో కొన్న జంతువులు లారీల మీద రాష్ట్రాలు దాటి వస్తున్న ఈ రోజుల్లో, మహారాష్ట్ర మనకు ఎంత దూరం చెప్పండి?

ఇక జంతువులో ఇది ఎట్లా కనిపిస్తుందో వినండి. మూడు చోట్ల చూడవలెను: ముక్కు, రొమ్ము, చర్మం.

మొదటిది ముక్కు. పసుపుపచ్చగాగాని ఆకుపచ్చగాగాని జిగురుగా చీమిడి కారుతుంది. తరచు ఒక ముక్కునుంచే కారుతుంది. ముక్కు లోపల పుండ్లు పడతాయి. అవి మానినచోట నక్షత్రం ఆకారంలో మచ్చలు మిగులుతాయి. దవడ కింద గ్రంథి గట్టిగా, బిళ్ల కట్టినట్లు తగులుతుంది. ఇంగ్లీషులో ఈ జబ్బుకు ఆ పేరు వచ్చింది కూడా గ్రంథులు వాయటాన్ని బట్టే.

రెండవది రొమ్ము. జంతువు దగ్గుతుంది, ఎగపోస్తుంది, జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వస్తుంది. దాణా తింటున్నా చిక్కిపోతుంది.

మూడవది చర్మం. కాళ్లమీద, ముఖ్యంగా వెనకకాళ్ల లోపలివైపున, ఒకదాని వెంట ఒకటిగా పూసలదండ గుచ్చినట్లు గడ్డలు లేస్తాయి. అవి పగిలి తేనెలాంటి జిడ్డు చీము కారుతుంది. ఒకటి మానేలోపల ఇంకొకటి లేస్తుంది. ఈ చర్మపు రూపాన్నే ఫార్సీ అంటారు.

గాడిదకు, కంచరగాడిదకు వస్తే జబ్బు తీవ్రంగా వచ్చి కొద్దిరోజుల్లోనో, కొన్ని వారాల్లోనో చచ్చిపోవటం ఎక్కువ. గుర్రం సంగతి వేరు. అది నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలతరబడి జబ్బుతోనే తిరుగుతుంది, పనికూడా చేస్తుంది. ఒకరోజు బాగున్నట్లు కనిపిస్తుంది, ఇంకొకరోజు మూలుగుతుంది. ఈ లోపల అది నీళ్లు తాగిన ప్రతి తొట్టిలోనూ, మేసిన ప్రతి దాణా సంచిలోనూ క్రిమిని వదులుతూనే వుంటుంది. కళ్లెం, జీను, కంబళి, బురుసు, అన్నీ వ్యాధిని మోసేవే.

ముక్కు కారిన ప్రతి గుర్రానికీ గ్లాండర్స్ వున్నట్లు కాదు. జలుబు చేసినా కారుతుంది. పడుచు గుర్రాలకు గొంతు దగ్గర గ్రంథులు వాచి, చీముపట్టి పగిలే జబ్బు మరొకటున్నది. దానిలోనూ ముక్కు కారుతుంది, కాని తగిన వైద్యం చేస్తే చాలావరకు నయమవుతుంది. ఏది ఏదో కంటితో చూసి మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు. హర్యానాలోని హిస్సారులో వున్న జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రం ఇటువంటి పరీక్షలకు మన దేశంలో ప్రధానమైన చోటు.

మనిషికి ఇది ఎట్లా సోకుతుంది? చేతిమీది గీరుడు, పుండు ద్వారా సోకుతుంది. క్రిమి వున్న చేత్తో కన్ను నలుపుకున్నా, ముక్కు తుడుచుకున్నా సోకుతుంది. జంతువు చీదినప్పుడు, దగ్గినప్పుడు లేచే తుంపరలు పీల్చినా సోకుతుంది. గుర్రాన్ని మాలీసు చేసే సైసులు, నాడాలు కొట్టేవారు, పశువైద్యులు, చచ్చిన జంతువును కోసేవారు, వీరికి ప్రమాదం ఎక్కువ. ఒక మనిషినుంచి ఇంకొక మనిషికి సోకటం అరుదే గాని, అసలు లేకపోలేదు.

పుండుద్వారా సోకితే కొద్దిరోజుల్లోనే అక్కడ గడ్డ లేచి చీము పడుతుంది. దగ్గరి బిళ్లలు వాస్తాయి. ఊపిరితో లోపలికి పోతే సుమారు రెండు వారాల్లో చలిజ్వరం, ఒళ్లునొప్పులు, రొమ్ములో నొప్పి, దగ్గు వస్తాయి. క్రిమి రక్తంలోకి వెళ్లిందంటే మహా ప్రమాదం. తగిన మందులు లేని రోజుల్లో, అట్లా రక్తంలోకి వెళ్లినవారిలో నూటికి 90 మందికి పైగా చనిపోయేవారు. ఈనాడు పనిచేసే మందులున్నవి. కాని నెలలతరబడి వాడవలెను, త్వరగా మొదలుపెట్టవలెను. టీకా మాత్రం జంతువుకూ లేదు, మనిషికీ లేదు.

త్వరగా మొదలుపెట్టటం ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. 2000 సంవత్సరంలో అమెరికా సైన్యానికి చెందిన ఒక ప్రయోగశాలలో ఈ క్రిమిమీద పనిచేస్తున్న ఒక శాస్త్రజ్ఞునికి ఇది సోకింది. ఆయనకు మధుమేహం వున్నది. పనిచేసేటప్పుడు ఎల్లప్పుడూ చేతితొడుగులు వేసుకునేవారు కాదు. జ్వరం వచ్చింది, చంకలో బిళ్ల కట్టింది. మందులు వాడితే తగ్గినట్లే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. కాలేయంలోనూ, ప్లీహంలోనూ చీముగడ్డలు లేచాయి. అసలు జబ్బేమిటో తేలేసరికి సుమారు రెండు నెలలు పట్టింది. సరైన మందులు చాలాకాలం వాడిన తరువాత ఆయన బతికి బయటపడ్డాడు. అంత గొప్ప ఆసుపత్రుల్లోనే ఈ జబ్బును పోల్చుకోవటం కష్టమైనప్పుడు, మన ఊరి ఆసుపత్రిలో డాక్టరుగారికి మాత్రం ఎట్లా తోస్తుంది? కాబట్టి గుర్రాలు, గాడిదలతో పనిచేసేవారికి విడవని జ్వరం వచ్చినా, మానని గడ్డ లేచినా, అడగకముందే ఈ ఒక్కమాట చెప్పండి: "అయ్యా, మేము గుర్రాన్ని సాకుతున్నాం. దానికి ముక్కు కారుతున్నది." ఆ ఒక్కమాట ప్రాణం నిలబెట్టవచ్చు.

మరి జంతువుమీద అనుమానం తగలగానే ఏమి చేయాలి?

ఒకటి. దానిని వెంటనే మిగతావాటినుంచి వేరుచేసి కట్టండి. తొట్టి, బకెట్టు, దాణా సంచి, కళ్లెం, బురుసు దానికి వేరే పెట్టండి. సంతకు, జాతరకు, పెళ్లికి తీసుకుపోవద్దు. తక్కువ ధరకు అమ్మివేద్దామని ఎంతమాత్రం అనుకోవద్దు. అమ్మితే జబ్బును ఇంకొకరి పిల్లల మధ్యకు తోలినట్లే.

రెండు. దాని పని ఒక్కరే చూడవలెను. చేతికి తొడుగులు, ముక్కుకు, నోటికి అడ్డుగుడ్డ, వీలైతే కంటికి అద్దాలు పెట్టుకోవాలి. చేతిమీద పుండున్నవారు, మధుమేహం వున్నవారు, పిల్లలు దాని దగ్గరకు పోరాదు. పని కాగానే సబ్బుతో చేతులు, మొహం కడగాలి.

మూడు. పశువైద్యశాలకు కబురుచేయండి. 1962 నంబరుకు ఫోను చేసినా సరే. నాటువైద్యం చేయవద్దు. గడ్డలు కోయవద్దు. దుకాణంలో మందు కొని మీరే సూది వేయవద్దు. మందు వేస్తే పైకి తగ్గినట్లు కనిపించి లోపల క్రిమి మిగిలిపోతుంది. అటువంటి గుర్రం మరింత ప్రమాదం, ఎందుకంటే దానిని ఎవరూ అనుమానించరు.

నాలుగు. ఈ క్రిమి ఎండకు, ఆరుదలకు తట్టుకోలేదు. తేమలో, చీకటిలో మాత్రం కొన్ని వారాలు బతుకుతుంది. కాబట్టి శాల ఊడ్చి, చెత్తను తగులబెట్టి, నేలను, తొట్టెలను బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లతో కడిగి బాగా ఎండ తగలనివ్వాలి. గుడ్డలు మరగబెట్టాలి.

పరీక్షలో వ్యాధి వున్నదని తేలితే, చట్టప్రకారం ఆ జంతువును బాధ లేకుండా చంపి, లోతైన గోతిలో సున్నం వేసి పూడుస్తారు. చుట్టుపక్కల గుర్రాలకు, గాడిదలకు కూడా పరీక్షలు చేస్తారు. కొంతకాలం వాటి రాకపోకలు ఆపుతారు.

ఇప్పుడు ఆ మన్యపాయన అడిగిన ప్రశ్నకు వద్దాం. "ఇది పోతే మేం బతికేదెట్లా?" ఇది న్యాయమైన ప్రశ్న. జంతువును కోల్పోయిన యజమానికి ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటున్నది. అది ఎంత, ఏ కాగితాలు కావాలి అన్నది మీ పశువైద్యునితో ముందే మాట్లాడుకోండి. ఆ సొమ్ముతో పోయిన గుర్రానికి సమానమైన గుర్రం వస్తుందని నేను చెప్పను. ఏళ్లతరబడి దారి తెలిసి, మనిషి గొంతు గుర్తుపట్టే జంతువుకు వెల కట్టలేము. కాని దాచిపెట్టుకుంటే ఏమవుతుందో కూడా లెక్క వేయండి. దాచిన గుర్రం ఎట్లాగూ దక్కదు. పోయేలోపల తోటి జంతువులకు అంటిస్తుంది. తువ్వాలు ద్వారా, బకెట్టు ద్వారా ఇంట్లోకి వస్తుంది. ఇటుపక్క ఒక గుర్రం, అటుపక్క ఆ గుర్రాన్ని సాకే మనిషి, ఆయన పిల్లలు. ఏ పక్క మొగ్గాలో మీరే చెప్పండి.

బ్రిటన్ దేశం 1928లో ఈ జబ్బును పూర్తిగా వదిలించుకున్నది. మందుతో కాదు, టీకాతో కాదు. పరీక్షించటం, చెప్పటం, వేరుచేయటం, వ్యాధి వున్నదానిని తీసివేయటం, వీటితోనే. ఆ పని అధికారులవల్ల మాత్రమే కాదు. యజమాని వచ్చి "నా గుర్రానికి బాగాలేదు" అని చెబితేనే అది మొదలవుతుంది. విస్తరణ కార్యకర్తలకు నా మనవి ఇది. జంతువును పట్టుకుపోయే మనిషిలాగా వెళ్లవద్దు. ముందు ఇంటివారి ఆరోగ్యం అడగండి, పరిహారం సంగతి చెప్పండి, తరువాత రక్తం సంగతి ఎత్తండి.

ఆ మన్యపాయన ఆరోజు చాలాసేపు ఆలోచించి చివరకు ఒప్పుకున్నాడు. రక్తం పంపించాం. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని ఊరి బయట చింతచెట్టు కింద కట్టించాం. గ్లాండర్స్ లేదని తేలింది. గొంతు గ్రంథులు చీముపట్టే ఆ రెండో జబ్బే. వైద్యంతో నయమైంది. ఫలితం చెప్పినప్పుడు ఆయన, "రెండు నెలలనుంచి దాచుకొని కుమిలిపోయాను బాబూ, ముందే చెప్పుకోకపోతిని" అన్నాడు. పరీక్ష అంటే శిక్ష కాదు. భయం తీర్చేదీ అదే.

మిగిలిన జబ్బులను క్లుప్తంగా చెబుతాను.

తామర: గుర్రం చర్మంమీద గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలు కనిపిస్తే అది తామర కావచ్చు. పిల్లలకు సులభంగా అంటుకుంటుంది. బురుసు, జీను మరొకదానికి వాడవద్దు.

పిచ్చికుక్క జబ్బు: పిచ్చికుక్క కరిస్తే గుర్రానికి, గాడిదకు కూడా ఇది వస్తుంది. చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందనుకొని నోట్లో చేయిపెట్టేవారున్నారు. ఆ పని చేయవద్దు. చొంగ పుండుకు తగిలినా, పన్ను గీరినా 15 నిమిషాలపాటు సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

దొమ్మ: జంతువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుంచి, నోటినుంచి నల్లటి రక్తం కారితే దానిని కోయవద్దు, తోలు ఒలవవద్దు. డాక్టరు వచ్చేదాకా ముట్టవద్దు. గాడిద మాంసం బలమని కొనేవారున్నారు. మన ఆహార భద్రతా నిబంధనలు దానిని అనుమతించవు. జబ్బు జంతువును కోస్తే, కోసినవాడికే మొదటి ప్రమాదం.

ధనుర్వాతం: ఇది గుర్రం జబ్బుపడి మనకు అంటించేది కాదు. గుర్రపు పేడ కలిసిన మట్టిలో దాని క్రిములుంటాయి. శాలలో మేకు గుచ్చుకుంటే కడిగి, టీకా వేయించుకోండి.

గాడిద పాలు: చంటిబిడ్డలకు ఉబ్బసం తగ్గుతుందని పచ్చిపాలు పట్టే అలవాటున్నది. జంతువు ఆరోగ్యం తెలియకుండా, కాచకుండా ఏ పాలూ పట్టవద్దు. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే చాలు.

చేయని తప్పుకు గుర్రాన్ని నిందించకూడదు గనుక ఇంకొక మాట. వరిచేల దోమలవల్ల వచ్చే జపనీస్ మెదడువాపు గుర్రానికీ వస్తుంది, మనిషికీ వస్తుంది. కాని గుర్రంనుంచి మనకు రాదు. ఆ క్రిమి పెరిగేది పందుల్లో, కొంగజాతి పక్షుల్లో. అక్కడ గుర్రం కూడా మనవలెనే బాధితురాలు.

పరదేశాల్లో కొత్త జబ్బులు కూడా పుడుతున్నవి. 1994లో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర హెండ్రా అనేచోట పందెపు గుర్రాలు హఠాత్తుగా చచ్చిపోయాయి. వాటికి శిక్షణ ఇచ్చేవాడు కూడా చనిపోయాడు. గబ్బిలాలనుంచి గుర్రాలకు, గుర్రాలనుంచి మనుషులకు వచ్చిన క్రిమి అది. ఆ దేశంలో ఏడుగురికి సోకి నలుగురు చనిపోయారు. 2012లో అక్కడ గుర్రాలకు టీకా తెచ్చారు. ఆ జబ్బు ఇంతవరకు ఆ దేశంలోనే కనిపించింది. అయినా అందులోని పాఠం అందరిదీ. జబ్బుగా వున్న గుర్రం దగ్గరకు ఉత్తచేతులతో పోరాదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. దాణాతోపాటు దానికి వేరే తువ్వాలు, వేరే బకెట్టు కూడా తప్పనిసరి అని చేర్చుకుందాం. కొత్త జంతువును కొంటే కొన్ని వారాలు వేరే కట్టి, ముక్కు, చర్మం చూసి, పరీక్ష చేయించి తరువాతనే మిగతావాటితో కలపండి. రోజూ పొద్దున దాణా పెట్టేటప్పుడు ముక్కువంక ఒకసారి చూడండి. తేడా కనిపిస్తే దాచవద్దు. తుడవవద్దు. కబురు చేయండి.